కమాండ్ లైన్ ప్రోగ్రాంలో టోకెన్ గడువు ముగిస్తే మళ్లీ లాగిన్ అడగాలా?

చాలాసార్లు అక్కర్లేదు. సర్వర్ 401 (టోకెన్ చెల్లలేదనే జవాబు) పంపగానే, దాచుకున్న రిఫ్రెష్ టోకెన్‌తో (కొత్త టోకెన్ తెచ్చుకోవడానికే ఇచ్చినది) కొత్త యాక్సెస్ టోకెన్ (ప్రతి అభ్యర్థనతో పంపేది) తెచ్చుకొని అదే అభ్యర్థనను ఒక్కసారి మళ్లీ పంపండి. రెండోసారీ 401 వస్తే ఆగిపోవాలి. గడువు వేళను మాత్రమే నమ్ముకోవద్దు. కంప్యూటర్ గడియారం తప్పు కావచ్చు, సర్వర్ టోకెన్‌ను ముందే రద్దు చేసి ఉండవచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. ఒకే ప్రోగ్రాం రెండు టెర్మినళ్లలో నడుస్తుంటే రెండూ ఒకేసారి రిఫ్రెష్‌కు పరుగెత్తుతాయి. వాడిన రిఫ్రెష్ టోకెన్‌ను వెంటనే చెల్లకుండా చేసే సర్వర్లయితే రెండో అభ్యర్థనను తిరస్కరిస్తాయి. టోకెన్ చోరీ అయిందనుకొని మొత్తం లాగిన్‌నే రద్దు చేసేవీ ఉన్నాయి. అందుకే టోకెన్ దాచిన ఫైలుకు లాక్ వేయండి, అంటే ఒకసారికి ఒక్కటే దాన్ని వాడేలా చూడండి. లాక్ దొరికాక ఫైలును మళ్లీ చదివి, ఇంకా పాత టోకెనే ఉంటేనే రిఫ్రెష్ చేయండి.

రిఫ్రెష్ కూడా విఫలమైతే, ఏ ఆదేశంతో లాగిన్ కావాలో చెప్పి, వైఫల్యాన్ని సూచించే సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో ముగించండి. మనిషి ఎదురుగా లేకుండా నిర్ణీత వేళకు దానంతటదే నడిచే క్రాన్ పనిలో బ్రౌజర్ తెరవబోవడం శుద్ధ దండగ.