ఎండల్లో బీన్స్ మొలవకపోతే, మళ్లీ వేసే ముందు మట్టి తీసి చూడండి

మిద్దె మీద గ్రో బ్యాగుల్లో ఏప్రిల్ నెలలో 30 బీన్స్ గింజలు పెడితే ఐదే మొలిచాయని, ప్యాకెట్‌లో మిగిలినవి కూడా వేసేయమంటారా అని అడిగారు. ఇప్పుడే వేయకండి. మొలవని చోట వేలితో మట్టి తీసి, లోపల గింజ ఎలా ఉందో ముందు చూడండి.

హైదరాబాద్‌లో నిరుడు ఏప్రిల్‌లో నాకూ ఇలాగే అయింది. 24 గింజలకు నాలుగే వచ్చాయి. విత్తనం మంచిది కాదేమో అనుకుని కొత్త ప్యాకెట్ తెచ్చాను. రాత్రంతా నానబెట్టి వేసి, రెండు పూటలా నీళ్లు పోశాను. ఈసారి రెండే మొలిచాయి. అప్పుడు తవ్వి చూస్తే చాలావరకు గింజలు కుళ్లిపోయి, పట్టుకోగానే చితికిపోయాయి. కొన్ని మొలకెత్తినా, పెళ్లు కట్టిన మట్టిని చీల్చుకుని రాలేక మెడ విరిగి ఎండిపోయాయి. మధ్యాహ్నం నల్ల బ్యాగు అంచున మట్టిలో వేలు పెడితే చురుక్కుమంది. మట్టి వేడి 25–30 డిగ్రీలుంటే బీన్స్ చక్కగా మొలుస్తుంది, 35 దాటితే మొలక బాగా తగ్గిపోతుంది. ఆ వేడికి తోడు తడి ఎక్కువైతే ఇక కుళ్లే. రాత్రంతా నానిన గింజ పొట్టు పగిలి ఇంకా త్వరగా పాడవుతుంది.

విత్తనం మీదే అనుమానముంటే పది గింజలు తడిగుడ్డలో చుట్టి ఇంట్లో నీడన పెట్టండి. వారంలో ఏడెనిమిది మొలిస్తే విత్తనం బాగున్నట్టే.

తప్పకుండా మళ్లీ వేయాలనుకుంటే కుళ్లిన గింజలు ఏరేసి, బ్యాగులను పిట్టగోడ నీడకు జరపండి. ఒక సాయంత్రం మట్టిని బాగా తడపండి. మర్నాడు సాయంత్రం పదును, అంటే మట్టిలో తగుమాత్రం తడి ఉందో లేదో చూసి, పొడి గింజలనే రెండు వేళ్ల మందం లోతులో పెట్టండి. పైన ఎండుటాకులు పలచగా పరిచి, మొలక కనబడగానే తీసేయండి. పైమట్టి ఆరితేనే నీళ్లు చిలకరించండి, ధారగా పోస్తే మట్టి మళ్లీ పెళ్లు కడుతుంది.

అయితే ఇంత శ్రమపడి మొలిపించినా మే ఎండలకు బీన్స్ పూత రాలిపోతుందండీ. అందుకే నేనైతే మూడోసారి అవే బ్యాగుల్లో అలసంద వేశాను. ఐదో రోజుకల్లా మొలిచింది, రోహిణి కార్తె ఎండలకు కూడా తట్టుకుంది. గోరుచిక్కుడు కూడా ఈ వేడికి బాగా వస్తుంది. మీకు వచ్చిన ఐదు మొక్కలకూ మధ్యాహ్నం నీడ కల్పించండి. మిగిలిన గింజలను గాలి చొరబడని డబ్బాలో, చల్లటి చోట దాచి అక్టోబర్‌లో వేసుకోండి.