హిమానీనదాల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. సిక్కింలో 2023లో గండిపడిన హిమానీనద సరస్సు సౌత్ లోనాక్ గురించి తెలుగులో వివరంగా రాయాలనుకోవడం మంచి ఆలోచన. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను, మొదటి పేజీ మొత్తం తీసెయ్. 'హిమాలయాలు కన్నీరు కారుస్తున్నాయి' దగ్గర్నుంచి 'ప్రకృతి మాత ఆగ్రహం' దాకా అందులో తెలియని సంగతి ఒక్కటీ లేదు. ఏటా జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు, ఏదో ఒక పేపర్లో వచ్చేదే అది. నువ్వు చెప్పాల్సిన అసలు కథ నాలుగో పేజీలో, ఒకే వాక్యంలో ఇరుక్కుపోయింది. ఆ సరస్సు ప్రమాదకరమని చాలా ముందే తెలుసు అన్నావే, అది. వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

ఎవరికి తెలుసు, ఎప్పటి నుంచి తెలుసు? అది రాయలేదు నువ్వు. హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్న ఇస్రో వారి ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలు చూసి, ఈ సరస్సుకు గండిపడే అవకాశం బాగా ఎక్కువని 2013లోనే రాశారు. 2016లో సిక్కిం ప్రభుత్వం లదాఖ్ నుంచి వచ్చిన బృందంతో కలిసి మూడు ప్లాస్టిక్ పైపులు వేయించి, కొంత నీటిని బయటికి తోడించింది. 2021లో మరో శాస్త్రవేత్తల బృందం, గండి పడితే వరద ఎంత ఉంటుందో లెక్కలు వేసి ప్రచురించింది. 2023 సెప్టెంబర్‌లో సరస్సు దగ్గర కెమెరాలు, వాతావరణ పరికరాలు పెట్టారు. ముందస్తు హెచ్చరిక వ్యవస్థలో అది తొలి విడత మాత్రమే. అక్టోబర్ 3 రాత్రి గండి పడింది. 55 మంది చనిపోయారు, 74 మంది ఆచూకీ దొరకలేదు. చుంగ్‌థాంగ్ దగ్గర తీస్తా నది మీద ఉన్న 1,200 మెగావాట్ల తీస్తా-3 జలవిద్యుత్ ప్రాజెక్టు డ్యామ్ కొట్టుకుపోయింది. ఈ తేదీలను వరసగా పెట్టు చాలు. విశేషణం ఒక్కటీ అక్కర్లేదు, కోపం పాఠకుడికే వస్తుంది.

ఇక నీళ్ల లెక్క. 'లక్షల గ్యాలన్ల నీరు' అని రాశావు. గ్యాలన్లతో మనకేం పని? సరస్సు నుంచి వచ్చింది దాదాపు 5 కోట్ల ఘనపు మీటర్లు. కృష్ణా గోదావరి గొడవలు పేపర్లో చదివే మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, సుమారు 1.77 టీఎంసీలు. వెంటనే పాఠకుడికి అనుమానం వస్తుంది, సాగర్‌లో మూడొందల పైచిలుకు టీఎంసీలు పడతాయి కదా, ఇంత కొంచెం నీటికి డ్యామ్ ఎలా పోయిందని. ఆ అనుమానం రావాలి, దానికి నువ్వు జవాబు చెప్పాలి. ఆ నీళ్లు బయల్దేరింది 5,200 మీటర్ల ఎత్తు నుంచి. దారిలో లోయ అంచులను కోసుకుంటూ 27 కోట్ల ఘనపు మీటర్ల మట్టీ రాళ్లూ కలుపుకున్నాయి. అంటే నీటికి అయిదు రెట్లకు పైగా. డ్యామ్‌ను కొట్టినది వట్టి నీళ్లు కావు.

మొరైన్ గురించి ఒక్క ముక్కలో తేల్చేశావు, అక్కడ కాస్త ఆగు. హిమానీనదం కిందికి తోసుకొచ్చి, తను వెనక్కి తగ్గుతూ వదిలేసిన రాళ్లూ మట్టీ కుప్ప అది. మన ఊరి చెరువు కట్టలా దాన్ని ఎవరూ దిమ్మిస కొట్టి కట్టలేదు, తూము పెట్టలేదు. ఆ ఎత్తులో చాలాచోట్ల మట్టి ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉంటుంది. ఆ గడ్డే దాన్ని పట్టి ఉంచుతుంది. వేడి పెరిగితే పట్టు సడలుతుంది. సౌత్ లోనాక్‌లో జరిగింది అదే. సరస్సు పక్కనున్న మొరైన్ నుంచి 1 కోటి 47 లక్షల ఘనపు మీటర్లు ఒక్కసారిగా సరస్సులోకి జారింది. దాదాపు 20 మీటర్ల ఎత్తు అల లేచి, ఎదురుగా ఉన్న అంచును తెంపేసింది.

ఈ సంగతి తేలడానికి ఏడాదికి పైగా పట్టింది. 2025 జనవరిలో 'సైన్స్' పత్రికలో ఆ అధ్యయనం వచ్చింది. వరద వచ్చిన మర్నాటి పేపర్లు మాత్రం మేఘ విస్ఫోటమని రాసేశాయి, నువ్వూ అదే ఎత్తి రాశావు. 2021 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లోని చమోలీ వరద విషయంలోనూ ఇంతే. ఆ రోజు టీవీల్లో అందరూ గ్లేసియర్ పగిలిందన్నారు. తీరా చూస్తే రొంటి శిఖరం నుంచి విరిగిపడిన 2.7 కోట్ల ఘనపు మీటర్లలో దాదాపు 80 శాతం రాయి, మిగతాది మంచు. గండిపడిన సరస్సే లేదు. మొదటి రోజు చెప్పిన కారణాన్ని మొదటి రోజు చెప్పిన కారణంగానే రాయి, తర్వాత ఏం తేలిందో పక్కనే పెట్టు.

'2035 కల్లా హిమాలయాల్లో మంచే ఉండదు' అనే వాక్యాన్ని దయచేసి కొట్టెయ్. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన నిపుణుల సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో దొర్లిన తప్పు అది. 2010 జనవరిలో వాళ్లే ఒప్పుకున్నారు. ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. అలాంటిది నీ వ్యాసంలో ఒక్కటి దొరికినా, అసలు మంచు కరగడం లేదనేవాళ్లకు పండగ. నిజమైన అంకెలేమీ చిన్నవి కావు. 2011 నుంచి 2020 దాకా హిందూకుష్ హిమాలయాల్లో మంచు అంతకుముందు దశాబ్దం కంటే 65 శాతం వేగంగా పోయిందని ఖాట్మండులోని పర్వత ప్రాంతాల పరిశోధన సంస్థ ఇసిమోడ్ 2023లో లెక్క చెప్పింది. 10 హెక్టార్లకు మించిన 2,431 సరస్సుల్లో 676 సరస్సులు 1984 నుంచి బాగా పెరిగాయని ఇస్రో 2024లో చెప్పింది.

ఈ లెక్కలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా చూపించు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అది. హిమాచల్‌లోని ఛోటా షిగ్రీ హిమానీనదం మీద 2002 నుంచి ఏటా కొలతలు తీస్తున్నారు. మంచులోకి లోతుగా వెదురు కర్రలు దించుతారు. వేసవి అయిపోయాక వెళ్లి, కర్ర ఎంత బయటికి తేలిందో చూస్తారు. పైభాగంలో గోతులు తవ్వి, కొత్తగా పడిన మంచు సాంద్రత కొలుస్తారు. ఉపగ్రహం ఉండగా ఈ తిప్పలెందుకనుకోకు. అంచు ఎంత వెనక్కి జరిగిందనేది ఒక్కటే చూస్తే మోసపోతాం. పైన రాళ్లూ మట్టీ మందంగా కప్పుకున్న గ్లేసియర్ అంచు కదలకుండానే లోపల పలచబడుతూ ఉండొచ్చు.

మనకెందుకు ఇదంతా అని ఎవరైనా అడుగుతారనే భయంతో కాబోలు, గోదావరిని ఇందులోకి లాక్కొచ్చావు. వద్దు. గోదావరిలో గానీ కృష్ణలో గానీ హిమానీనదం నుంచి వచ్చే చుక్క నీరు లేదు, రెండూ వాన నదులే. లేని సంబంధం అతికించకు. బాలానగర్ ఎన్ఆర్ఎస్‌సీ ఉంది కదా, అది చాలు.

చివర్లో 'ఇప్పటికైనా మేల్కొందాం' అన్నావు. దాని బదులు తీస్తా-3 ప్రాజెక్టు ఇప్పుడు ఏ దశలో ఉందో రాయి. పాత డ్యామ్ ఎత్తు 60 మీటర్లు. అక్కడే 118 మీటర్ల కాంక్రీట్ డ్యామ్ కట్టడానికి 2025 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ సరేనంది. కట్టేవాళ్ల వాదన, వద్దనే సిక్కిం జనం వాదన, రెండూ పూర్తిగా ఉండాలి.

మళ్లీ పంపేటప్పుడు తీస్తా మ్యాప్ ఒకటి జత చెయ్. సరస్సు ఎక్కడ, చుంగ్‌థాంగ్ ఎక్కడ, దిగువనున్న సింగ్తామ్ పట్టణం ఎక్కడ అన్నది కళ్ల ముందు లేకపోతే వరద ఎటు నుంచి ఎటు వచ్చిందో మనవాళ్లకు అంతుపట్టదు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య