'నేల కుంగి' అనాలా, 'కుంగుతుండగా' అనాలా?

సందేహం: గోదావరి లోయ గురించి పిల్లలకు నోట్సు రాస్తూ 'నేల కుంగి అవక్షేప శిలల పొరలు ఏర్పడ్డాయి' అన్నాను. మా సైన్సు మేడమ్ 'కుంగుతుండగా' అని దిద్దారు. ఇంకొకరు 'కుంగుతూ' అంటే చాలన్నారు. మూడూ ఒకటే కదా?

సమాధానం: ఒకటి కాదు. మేడమ్ దిద్దినదే సరైనది.

'కుంగి' క్త్వార్థకం. ఒక పని అయ్యాక రెండోది జరిగిందని చెబుతుంది. కర్తలు వేరైనా మొదటిది రెండోదానికి కారణమైతే తెలుగు ఒప్పుకుంటుంది: 'వానలు కురిసి చెరువులు నిండాయి'. కాబట్టి మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. చిక్కు అర్థంలో ఉంది. ముందు పెద్ద గొయ్యి పడిందనీ, ఆనక నదులు దాన్ని పూడ్చాయనీ పిల్లవాడు అనుకుంటాడు.

ప్రాణహిత-గోదావరి లోయలో అలా జరగలేదు. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే ఈ లోయ అంచుల్లో భ్రంశాలున్నాయి, అంటే నేల పగిలి ఒకవైపు భాగం జరిగిన చీలికలు (ఫాల్టులు). వాటి వెంట నేల కోట్ల ఏళ్లపాటు కొద్దికొద్దిగా దిగింది. దిగినమేరకు నదులు ఇసుక, బురద తెచ్చి పోశాయి. మళ్లీ దిగింది, మళ్లీ నిండింది. లోతైన సముద్రం లేకపోయినా ఇక్కడ రాళ్లు కిలోమీటర్ల మందాన పేరుకోవడానికి కారణం ఇదే. ఇలాంటి చోట్ల భ్రంశం ఎక్కువగా కదిలిన వైపు పొర మందంగా ఉంటుంది, అవతలికి పోయేకొద్దీ పలచబడుతుంది. కుంగడం, పేరుకోవడం ఏకకాలంలో సాగాయనడానికి ఆ తేడాయే సాక్ష్యం. ఇంత చరిత్రను 'తుండగా' అనే చిన్న ప్రత్యయం మోస్తోంది. దాన్ని వదులుకోకూడదు.

'కుంగుతూ' ఇక్కడ కుదరదు. రెండు పనులకూ కర్త ఒకటైనప్పుడే అది నప్పుతుంది: 'నేల కుంగుతూ వచ్చింది'. 'నేల కుంగుతూ పొరలు ఏర్పడ్డాయి' అంటే వాక్యం కుంటుతుంది.

అలాగని అన్నిచోట్లా 'తుండగా' వాడకండి. ఈ లోయలోని సింగరేణి బొగ్గు పెర్మియన్ కాలానిది, అంటే 25 కోట్ల ఏళ్లు దాటినది. ఆ పొరలు ఏర్పడ్డాక కూడా భ్రంశాలు కదిలి వాటిని తెంచాయి. గనిలో తవ్వుకుంటూ పోతుంటే నల్లటి సీమ్ (బొగ్గు పొర) ఒకచోట కత్తితో కోసినట్టు ఆగిపోతుంది, ఎదురుగా ఇసుకరాయి నిలబడుతుంది. ఫాల్టు తగిలిందన్నమాట. అవతల అదే సీమ్ కిందనో పైనో ఉంటుంది, దాన్ని వెతుక్కోవాలి. ఇక్కడ 'పొరలు తెగి కిందికి జారాయి' అనడమే ఒప్పు. తెగిందీ జారిందీ పొరలే, తెగడమే ముందు.

మీ నోట్సులో మూడో మాట కూడా చేర్చండి: 'కుంగబట్టే మిగిలాయి'. అంచులకు అవతల ఎత్తున నిలిచిన నేలను గాలీ నీరూ కోసేశాయి. లోపలికి దిగిన పొరలు మాత్రం ఆ కోతకు చాలావరకు చిక్కలేదు. బొగ్గుతోపాటు, హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలూ ఈ లోయ పొరల్లోంచి వచ్చినవే. 'కుంగినందువల్ల' అన్నా తప్పులేదు గానీ, అది లేకపోతే ఇది లేదు అన్న పట్టు 'బట్టే'లోనే ఉంది.