‘ఆ పనికి పేరేమని చెప్పేది?’ అంటున్నాడు నాయన

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. నా వయసు 24. బీటెక్ సివిల్ చదివి ఏడాదిన్నరగా ఒక అపార్ట్‌మెంట్ సైటులో ఇంజనీరుగా చేస్తున్నాను. జీతం 20 వేలు. మా నాయన మేస్త్రీగా మొదలై, ఇప్పుడు చిన్న చిన్న కాంట్రాక్టులు చేస్తాడు. 2021 నవంబరు వరదల తర్వాత శ్రీకృష్ణా నగర్‌లో ఒక ఇంట్లో భూమిలో ఉన్న సంపు పైకి లేచింది కదా, నాయనా నేనూ వెళ్లి చూశాం. లోపలి నీళ్లు తోడేశారు, చుట్టూ నేలంతా ఊరిపోయి ఉంది, అందుకే ఖాళీ బిందెలా తేలిందని ఆయనే చెప్పాడు. నేల, నీళ్లు, ఎండ చూసుకుని కట్టడం మీద నాకు ఆసక్తి అప్పుడే మొదలైంది. ఇప్పుడు అలా కట్టమని సలహా ఇచ్చే సస్టైనబిలిటీ కన్సల్టెంట్ కావాలని ఉంది. హైదరాబాద్‌లో ఒక సంస్థ ట్రైనీగా తీసుకుంటామంది, జీతం 18 వేలు. ఇంట్లో ఏఈ (ప్రభుత్వ అసిస్టెంట్ ఇంజనీరు) పరీక్షకి చదువు, లేకపోతే పెళ్లి చేసుకో అంటున్నారు. ‘సంబంధాల వాళ్లు అడిగితే ఆ పనికి పేరేమని చెప్పేది?’ అంటాడు నాయన. రెండు నెలల కిందట తిరుచానూరు రోడ్డులో ఆయన సైటుకి వెళ్లాను. పడమటి వైపు మొత్తం అద్దాలు పెట్టమని ఓనరు అడిగితే ఆయన సరేనన్నాడు. ‘అది పొయ్యిలా కాలుతుంది, నాయనకి ఇవన్నీ తెలియవు’ అని ఓనరు ముందే అనేశాను. అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. వచ్చే నెల హైదరాబాద్‌లో చేరాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తల్లీ, ఉద్యోగం గురించి అడిగావు గానీ, నీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఆ సంపు దగ్గర. ఈ వృత్తిలో నీకు మొదటి పాఠం అదే. చెప్పింది మీ నాయన. అదే మనిషిని, ఆయనకి పని ఇచ్చినవాళ్ల ముందు నిలబెట్టి ‘తెలియవు’ అన్నావు. నీ కొత్త ఉద్యోగం ఆయనకి అర్థం కాలేదని నువ్వు అనుకుంటున్నావు. ఆయనకి ఇంకోలా అర్థమైందని నాకు అనిపిస్తోంది. ఇన్నేళ్లూ తను కట్టినవన్నీ తప్పని చెప్పే ఉద్యోగం కూతురు చేయబోతోందని ఆయన లోపల బాధపడుతున్నాడు. పేరు, సంబంధాలు, ఏఈ పోస్టు, ఇవన్నీ ఆ బాధ పైకి చెప్పుకోలేక అంటున్న మాటలు.

చిత్తూరులో మా ఇల్లు కట్టేటప్పటి సంగతి ఒకటి చెబుతాను. వీధి కనబడుతుందని ముందు గదికి పడమర గోడలో పెద్ద కిటికీ కావాలని పట్టుబట్టాను. మేస్త్రీ నాతో వాదించలేదు. ‘రేపు సాయంత్రం నాలుగింటికి రండమ్మా’ అన్నాడు. ఏప్రిల్ నెల. వెళితే, అప్పటికి నడుము ఎత్తు లేచిన గోడ మీద చెయ్యి పెట్టమన్నాడు. పెట్టిన చెయ్యి వెంటనే తీసేశాను. కిటికీ ఉత్తరానికి మారింది, పడమర వైపు మెట్లూ స్నానాల గదీ వచ్చాయి. ఎండ తగిలే వైపు మనుషులు కూర్చోని గదులు పెట్టమని నీ కంప్యూటర్ లెక్కలు కూడా చెబుతాయి. ఆయన ఏ లెక్కా వేయలేదు.

మీ నాయనకి మాత్రం పడమటి ఎండ సంగతి తెలియదా? తెలిసే సరేనని ఉంటాడు. కాదంటే ఓనరు ఇంకో కాంట్రాక్టరు దగ్గరికి పోతాడు, శనివారం వచ్చేసరికి కూలీలకి బట్వాడా ఇవ్వాలి. రేపు హైదరాబాద్‌లో నీకూ ఇదే ఓనరు ఎదురవుతాడు, కాస్త పెద్ద కారులో. కన్సల్టెంటు చేతిలో అధికారం ఉండదు, సలహా మాత్రమే ఉంటుంది. అద్దాలు ముచ్చటపడే మనిషికి పడమర వైపు సజ్జలు పెంచితే, అద్దం తగ్గిస్తే ఏసీ బిల్లు ఎంత తగ్గుతుందో నచ్చజెప్పి ఒప్పించడమే నీ పనిలో సగం. ఆ రోజు సైటులో నువ్వు ఓడిపోయింది అక్కడే. నాయనకి క్షమాపణ చెప్పు, ఆలస్యం చేయకు. ‘నేనన్నది నిజమే కానీ’ అని మాత్రం మొదలుపెట్టకు. ‘అందరి ముందు అలా అనకూడదు నాయనా’ అని అక్కడితో ఆపు.

ఇక ఉద్యోగం. ఇది గాలివాటం పని కాదు. హైదరాబాద్‌లో పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్‌ని 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. పర్యావరణానికి మేలైన భవనాలకి అమెరికా వాళ్లు ఇచ్చే ‘లీడ్’ రేటింగులో అన్నిటికన్నా పైదైన ప్లాటినం, అమెరికా బయట పొందిన మొదటి భవనం అది. మన దేశంలో అలాంటి రేటింగులు ఇచ్చే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ 2001లో మొదలైంది, దాని కేంద్రమూ హైదరాబాదే. టెరీ అనే పరిశోధన సంస్థ, కేంద్ర ప్రభుత్వం కలిసి తెచ్చిన ‘గృహ’ (GRIHA) అనే రేటింగ్ ఇంకొకటి. రేటింగులు ఇష్టమైనవాళ్లు తీసుకునేవి. ప్రభుత్వం పెట్టే నియమాలు వేరు. పెద్ద వాణిజ్య భవనాలకి ఇంధన పొదుపు కోడ్ 2007లో వచ్చింది, 2017లో మార్చారు. ఇళ్ల కోసం 2018లో ఎకో నివాస్ సంహిత అనే కోడ్ వచ్చింది. గోడల ద్వారా, కిటికీల ద్వారా ఇంట్లోకి చొరబడే వేడి చదరపు మీటరుకి 15 వాట్లు దాటకూడదని, చలి ప్రాంతాలు తప్ప మిగతా దేశమంతటికీ అందులో లెక్క పెట్టారు. మా మేస్త్రీ గోడ మీద చెయ్యి పెట్టించి చెప్పిన మాటకి సర్కారు వేసిన అంకె అనుకో. 2022లో ఇంధన పొదుపు చట్టాన్నీ సవరించారు, పెద్ద నివాస భవనాలు కూడా దాని కిందకి వచ్చాయి. రేపు నువ్వు ఏఈ అయినా ఈ చదువు వృథా పోదని ఇంట్లో ధైర్యంగా చెప్పవచ్చు.

అయితే రోజూ చేసే పని ఎలా ఉంటుందో తెలుసుకుని వెళ్లు. మొదటి రెండేళ్లు ఎక్కువ భాగం కాగితాలే. ఏ కంపెనీ సిమెంటు, అందులో ఎంత ఫ్లైయాష్ (బొగ్గు బూడిద), ఏ కుళాయి నుంచి నిమిషానికి ఎన్ని లీటర్లు, సప్లయర్ల చుట్టూ తిరిగి సర్టిఫికెట్లు తెచ్చి ఫైళ్లు కట్టాలి. భవనాన్ని కంప్యూటర్‌లో కట్టి ఎండ, గాలి, కరెంటు లెక్కలు చూసే పని అందరికీ ఇవ్వరు. అందుకని చేరేముందే ఆ సంస్థని అడుగు: ఆ కంప్యూటర్ లెక్కలు (సిమ్యులేషన్) నేర్పిస్తారా, సైటుకి పంపిస్తారా, గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ పరీక్ష ఫీజు ఎవరు కడతారు, రెండేళ్ల కిందట చేరిన ట్రైనీలు ఇప్పుడు ఏం చేస్తున్నారు. వాళ్లలో ఒకరితో ఫోన్‌లో మాట్లాడించమను. మాట్లాడించడానికి ఇష్టపడకపోతే ఆ ఉద్యోగం వద్దు, ఇంకొకటి వెతుకు. ఆ లెక్కలు వేసే ఎనర్జీప్లస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ రాత్రే దించుకుని మీ కొర్లగుంట ఇంటినే అందులో కట్టి చూడు. నెల తిరిగేలోపు విసుగొస్తే, ఆ సంగతి ఇక్కడ ఉండగానే తెలియడం మంచిది.

జీతం నెలకి రెండు వేలు తగ్గడమే కాదు, హాస్టల్ ఖర్చు కూడా పడుతుంది. దాచుకున్నది ఎన్ని నెలలు వస్తుందో కాగితం మీద రాసి ఇంట్లో చూపించు. రెండేళ్లు గడువు అడుగు. ఆ తర్వాత ఏఈకి చదవాలో, ఇందులోనే ఉండాలో అప్పుడు కూర్చుని మాట్లాడుకుందామను. సంబంధాల వాళ్లకి చెప్పడానికి మీ అమ్మకి ఒక్క వాక్యం చాలు: ‘మా పాప బిల్డింగ్ ఇంజనీరు, కరెంటూ నీళ్లూ తక్కువ ఖర్చయ్యేలా ఇళ్లు ఎలా కట్టాలో చెబుతుంది.’ ఇందులో అబద్ధం లేదు. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే పొద్దునకి హైదరాబాద్‌లో ఉంటావు, అది పరాయి దేశం కాదు.

వెళ్లేముందు ఒక పని చేయి. ఎండాకాలం సాయంత్రాలు మిద్దె మీద బక్కెట్లతో నీళ్లు చల్లడం మన ఇళ్లలో అందరికీ అలవాటే. మీ మిద్దెలో సగానికి తెల్ల సున్నం కొట్టించు, సగం అలాగే వదిలెయ్. ఆ రెండు సగాల కింద ఉన్న గదుల్లో గోడకి వేలాడదీసే చిన్న థర్మామీటరు ఒక్కొక్కటి పెట్టు. వారం రోజులు మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి నోటుబుక్కులో రాయి. అంకెలు నువ్వు రాయి, కొలిచేటప్పుడు నాయనని పక్కన ఉండమను. సున్నం ఎంత చిక్కగా కలపాలో, అందులో ఏం వేస్తే వానకి కొట్టుకుపోదో, ఎన్ని పూతలు కావాలో ఆయన్నే అడుగు. నాకు తెలిసి ఆ ప్రశ్నకి ఏ మేస్త్రీ కూడా మాట్లాడకుండా ఊరుకోడు. ఆదివారం సున్నం తెచ్చే పని ఆయనకే వదిలెయ్, బక్కెట్టు నువ్వు పట్టుకో.