టెక్ సందేహాలు: లింకు తిప్పినా ప్రోగ్రాముకు తెలియదేం?

ప్ర: మా సర్వర్‌లో ‘కరెంట్’ అనే సిమ్‌లింక్ (వేరే ఫైలునో ఫోల్డర్‌నో చూపించే పేరు) ఉంది. కొత్త వెర్షన్ పెట్టినప్పుడల్లా దాన్ని కొత్త ఫోల్డర్ వైపు తిప్పుతాం. దాని లోపలి కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు మీద ఐనోటిఫై వాచ్ పెట్టాం (ఫైలు మారితే ప్రోగ్రాముకు ‘ఈవెంట్’ అనే కబురు పంపే లినక్స్ సదుపాయం ఇది). ఫైలును నేరుగా దిద్దితే ప్రోగ్రాముకు తెలుస్తోంది. లింకు తిప్పితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఎందుకని?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జ: మీ వాచ్ పాత ఫైలు మీదే కూర్చుని ఉంది. 2005లో లినక్స్ 2.6.13 కెర్నల్‌తో వచ్చిన ఐనోటిఫైకి మనం పాత్ (ఫైలు చిరునామా) ఇస్తాం గానీ, అది ఆ పాత్ వెంట నడిచేది ఒక్కసారే. మధ్యలో లింకులుంటే వాటి వెంటే వెళ్లి, చివర దొరికిన ఐనోడ్‌కు (పేరుతో సంబంధం లేకుండా ఫైలుకుండే అసలు నమోదుకు) వాచ్ తగిలిస్తుంది. ఆ తర్వాత పాత్‌తో దానికి పని లేదు. మీరు ‘కరెంట్’ను తిప్పినప్పుడు మారింది ఆ లింకు ఉన్న ఫోల్డరు. పాత కాన్ఫిగ్‌లో ఒక్క బైటు కూడా మారలేదు, అందుకే ఈవెంట్ రాదు.

‘కరెంట్’ ఉన్న ఫోల్డర్ మీద ఇంకో వాచ్ పెట్టండి. ఇన్_క్రియేట్ (కొత్త పేరు పుట్టింది), ఇన్_మూవ్డ్_టు (ఓ పేరు ఇక్కడికి మారింది) అనే ఈవెంట్లు రెండూ అడగండి. ఈవెంట్‌లో ‘కరెంట్’ పేరు కనిపించగానే పాత వాచ్ తీసేసి, పూర్తి పాత్‌తో కాన్ఫిగ్ మీద కొత్త వాచ్ వేయండి. ముందు వాచ్, తర్వాతే ఫైలు చదవడం. ఈ వరస తిరగబడితే రెండింటి నడుమ జరిగిన మార్పు ఎప్పటికీ తెలియదు. లింకు మళ్లీ ఇంకో లింకును చూపిస్తుంటే, ఆ రెండో లింకు ఉన్న ఫోల్డర్‌కూ వాచ్ కావాలి.

సిమ్‌లింక్ మీదే నేరుగా వాచ్ వేయడానికి ఇన్_డోంట్_ఫాలో అనే ఆప్షన్ ఉంది. మీకు దాన్ని సిఫారసు చేయను. పాత లింకు పోగానే ఆ వాచ్ కూడా దానితోపాటే పోతుంది.

లింకు తిప్పే పద్ధతీ చూసుకోండి. పాతది చెరిపి కొత్తది చేస్తే, నడుమ కాసేపు ఆ పేరే ఉండదు. సరిగ్గా అప్పుడే తెరవబోయిన ప్రోగ్రాముకు ‘ఫైలు లేదు’ అని ఎర్రర్ వస్తుంది. కొత్త లింకును వేరే పేరుతో చేసి, పేరు మార్చే ‘ఎంవీ’ కమాండుకు ‘-టీ’ ఇచ్చి ‘కరెంట్’ మీదికి మార్చండి. పెద్ద అక్షరం ‘టీ’ అది. మరిచిపోతే కొత్త లింకు ‘కరెంట్’ స్థానంలోకి రాదు, అది చూపించే పాత ఫోల్డర్ లోపలికి పోయి పడుతుంది.

ప్ర: ఒకే ఫైలుకు రెండు ఫోల్డర్లలో హార్డ్ లింకులున్నాయి (అంటే ఒకే ఐనోడ్‌కు రెండు పేర్లు). ఒక ఫోల్డర్‌ను వాచ్ చేస్తున్నాను. రెండో పేరుతో రాస్తే ఈవెంట్ రావడం లేదు.
– ఒక పాఠకుడు, తరమణి, చెన్నై

జ: అది అలాగే పనిచేస్తుంది. ఫోల్డర్ మీది వాచ్‌కు ఆ ఫోల్డర్‌లోని పేరుతో జరిగినవే అందుతాయి. ఫైలు మీదే వాచ్ వేస్తే, ఏ పేరుతో రాసినా అందుతుంది. అప్పుడు కూడా ఒక పేరు చెరిపితే వచ్చేది ఇన్_అట్రిబ్ (ఫైలు వివరాలు మారాయనే ఈవెంట్) మాత్రమే, లింకుల లెక్క తగ్గింది కాబట్టి. ఇన్_డిలీట్_సెల్ఫ్ (ఫైలే పోయిందనే ఈవెంట్) రావాలంటే చివరి పేరూ పోవాలి, ఫైలును ఎవరూ తెరిచి ఉంచకూడదు.

ఇంకో చిక్కుంది. ఫైలులో మాటలు మార్చే ‘సెడ్ -ఐ’ కమాండు ఫైలును ఉన్నచోట దిద్దదు. కొత్త ఫైలు రాసి పాత పేరు పెడుతుంది. దాంతో హార్డ్ లింకు విడిపోతుంది, రెండో ఫోల్డర్‌లో పాత సరుకే మిగులుతుంది. అనుమానముంటే రెండు చోట్లా ‘ఎల్ఎస్ -ఎల్ఐ’ కొట్టి, వరస మొదట్లో కనిపించే ఐనోడ్ నంబర్లు పోల్చండి. వేరుగా ఉంటే లింకు తెగినట్టే.

ప్ర: ఫైళ్లు ఎన్‌ఎఫ్‌ఎస్‌లో (నెట్‌వర్క్ మీదుగా పలు మెషీన్లు పంచుకునే ఫైల్ వ్యవస్థలో) ఉంటే?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జ: మీ మెషీన్ నుంచి రాసినవే ఐనోటిఫైకి తెలుస్తాయి. వేరే మెషీన్ రాసినవి అందవు. అక్కడ కొన్ని సెకన్లకోసారి ‘స్టాట్’ (ఫైలు వివరాలు అడిగే కాల్) చేసి ఐనోడ్ నంబరు, సైజు, మార్పు సమయం మూడూ పోల్చుకోండి.