ఎనిమిది శక్తుల రాకాసి గురించి

తమ్ముడూ,

టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్ కోసం నువ్వు రాసి పంపిన అడ్వెంచర్, అదే, ఆడించాల్సిన కథ, చదివాను. చిత్తడి నేల, పాడుబడ్డ కోట, దీపం పట్టుకు తిరిగే పడవవాడు బాగా కుదిరాయి. ఇబ్బందల్లా నీ బురద రాకాసితోనే.

దానికి ఎనిమిది ప్రత్యేక శక్తులిచ్చావు. రాసేటప్పుడు సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ పోరాటం చాలాసార్లు మూడు నాలుగు రౌండ్లలో, అంటే ఒక్కొక్కరికీ మూడు నాలుగు టర్న్‌లు వచ్చేలోపే, తేలిపోతుంది. సగం శక్తులు బయటపడకముందే రాకాసి చచ్చిపోతుంది. పైగా ఆట నడిపించే గేమ్ మాస్టర్ ఒకపక్క పాచికలు వేస్తూ, ఇంకోపక్క హిట్ పాయింట్లు (ఎంత ప్రాణం మిగిలిందో చెప్పే లెక్క) కొట్టేస్తూ నీ పేజీన్నర చదువుకోవాలి. ఆ టెన్షన్‌లో అసలైనదే మర్చిపోతాడు.

ఒక్కటి ఉంచు. ఏదంటావా? ప్లేయర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని "ఇప్పుడేం చేద్దాం?" అనుకునేలా చేసేది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటలో ట్రోల్ అనే రాకాసినే చూడు. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో దాని టర్న్ మొదలైనప్పుడల్లా 10 హిట్ పాయింట్లు తిరిగొస్తాయి. నిప్పో యాసిడో తగిలితే మాత్రం తర్వాతి టర్న్‌కి ఆ శక్తి పనిచేయదు. అంతే! ఆ ఒక్క రూల్‌తో ఒకడు కాగడా కోసం వెతుకుతాడు, మంత్రగాడు నిప్పు మంత్రం ఇప్పుడే వాడాలా, దాచుకోవాలా అని తల పట్టుకుంటాడు. దెబ్బకి మూడు పాయింట్లు ఎక్కువ కలిపితే ఈ మాటలేవీ పుట్టవు.

నీ రాకాసి కేక వింటే రెండు రౌండ్లు కదల్లేరని రాశావే, అది తీసెయ్. రౌండు పావుగంట పట్టే టేబుల్ దగ్గర ఆ ప్లేయర్ అరగంట ఫోన్ చూసుకుంటూ కూర్చోవాలి. నాకు ఇలాంటి శక్తులంటే మొదటినుంచీ చిరాకు.

బురదలోకి లాగే పట్టు ఉంచు, అది బంగారం. చిక్కినవాడు రౌండుకో మెట్టు దిగిపోతాడు: మోకాళ్లు, నడుము, మెడ. ఎవరైనా తమ టర్న్ వదులుకుని తాడుతో లాగితే ఒక మెట్టు పైకొస్తాడు. ఇప్పుడు మిగతావాళ్లు రాకాసిని కొట్టాలా, స్నేహితుణ్ని లాగాలా? ఈ శక్తి ఉందని ముందే వాసన తగలాలి, లేకపోతే అన్యాయంగా అనిపిస్తుంది. గట్టుమీద మేకుకి కట్టిన పలుపుతాడు బిగుసుకుపోయి తిన్నగా బురదలోకి దిగి ఉందని రాయి. ఆవు సంగతి ఎత్తకు.

ఇక పడవవాడు. ప్లేయర్ల పాత్రలకున్న రూల్స్‌తోనే వాణ్ని తయారుచేయాలని ఎక్కడా లేదు. లెవెళ్లు, మంత్రాల జాబితా అక్కర్లేదు. కాకపోతే గాయాలు మాన్పడం, మాయమవడం రెండూ వాడికే ఇచ్చేస్తే హీరోలు ప్రేక్షకులైపోతారు. దీపం వెలుగు పడినంత మేర రాకాసి పట్టు సడలుతుందని పెట్టు. దీపం ఎత్తి పట్టుకున్నంతసేపూ వాడు ఇంకేమీ చేయలేడు, పారిపోలేడు కూడా. వాణ్ని కాపాడే పని ప్లేయర్లది.

ఇవి మార్చాక ఆడించి చూడు, కానీ గేమ్ మాస్టర్‌గా నువ్వు కూర్చోకు. పేజీ ఇంకొకరి చేతికిచ్చి, ఏమీ విడమరిచి చెప్పకుండా పక్కన కూర్చో. ఎక్కడ ఆగి పేజీ వెనక్కి తిప్పుతారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుని, ఆ కాగితాలు నాకు పంపు.

మీ అన్నయ్య