దిగులా, విషాదమా, ముసురా?

సందేహం: మా మిత్రులం ఇంగ్లీషు రాక్ సంగీతం వింటాం. ఒక ఇండీ రాక్ బ్యాండ్ కొత్త ఆల్బమ్ మీద పదిమంది అభిప్రాయాలు అడిగి, తెలుగులో ఇలా కూర్చాను: ‘ఈ ఆల్బమ్ చాలా మూడీగా ఉంది. మునుపటి దానికంటే మరింత చీకటిగా ఉంది. లయ మంద్రంగా సాగుతుంది. ప్రేక్షకులు దీన్ని బాగా ఇష్టపడుతున్నారు, కొందరికి మాత్రం బోరట.’ ‘మూడీ’ తీసేసి ‘విషాదభరితం’ అని రాయమని ఒకరు, ఉంచమని ఇంకొకరు అంటున్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

సమాధానం: రెండూ అతకవు. ‘మూడీ’ ఇంగ్లీషు మాట కాబట్టి వద్దనడం లేదు. ‘మూడ్ బాగోలేదు’, ‘ఇప్పుడు మూడ్ లేదు’ అని అందరం అంటున్నాం. ఆ మాట మనదైపోయింది. అయితే తెలుగులోకి వచ్చాక ‘మూడీ’ మనుషులకే అంటుకుపోయింది. ‘ఆయన కొంచెం మూడీ’ అంటే ఒకరోజు నవ్వుతూ మాట్లాడి, మర్నాడు ముఖం తిప్పుకునే మనిషి అని అర్థం. అందుకే ‘మూడీ ఆల్బమ్’ అని చదివినవాళ్ళు పాటపాటకీ తీరు మారిపోయే ఆల్బమ్ అనుకోవచ్చు. మీరు చెప్పదలచుకున్నది సరిగ్గా దానికి వ్యతిరేకం. మొదటి పాట నుంచి చివరిదాకా ఒకటే మబ్బు కమ్మి ఉందని కదా మీ భావం.

‘విషాదం’ ఎందుకు కాదంటే, దానికి కారణం కావాలి. నాట్యశాస్త్రం చెప్పిన 33 వ్యభిచారి భావాల్లో, అంటే మనసులో వచ్చిపోయే భావాల్లో, విషాదం ఒకటి. తలపెట్టిన పని నెరవేరనప్పుడు, దైవం కలిసిరానప్పుడు పుట్టేదని అక్కడే ఉంది. నేటి వాడుకలోనూ అంతే. ప్రమాదం జరిగిన ఊళ్ళో విషాదం అలుముకుంటుంది. ఏమీ జరగకుండానే మనసు మసకబారడాన్ని విషాదం అనం. ఇలాంటి పాటల్లో చాలావాటికి జరిగిన కథంటూ ఉండదు.

ఆ చోటుకి మనకి మంచి మాటలే ఉన్నాయి. కాకపోతే ఒకదాని బదులు ఇంకొకటి వాడడానికి వీల్లేదు. బెంగకి ఒక మనిషో ఊరో ఉండాలి: ‘అమ్మ మీద బెంగ పెట్టుకున్నాడు’. గుబులు జరగబోయేదాని గురించి: పరీక్ష ఫలితాల ముందురోజు గుండెల్లో ఉండేది గుబులు. ముభావం మాట పెగల్చని మనిషిది, పాటకి నప్పదు. దిగులుకి కారణం ఉన్నా లేకపోయినా ఫరవాలేదు. ‘ఎందుకో దిగులుగా ఉంది’ అంటే ఎవరూ ఎందుకని నిలదీయరు. మీ ఆల్బమ్‌కి దగ్గరి మాట ఇదే.

దిగులు ఎవరిదో కూడా తేల్చుకోవాలి. ‘పాట దిగులుగా ఉంది’ అంటే పాట స్వభావం చెప్పినట్టు. ‘నాకు దిగులేసింది’ అంటే విన్నవాళ్ళకి ఏమైందో చెప్పినట్టు. దిగులుగా ఉన్న పాట విని హాయిగా నిద్రపోయేవాళ్ళూ ఉంటారు కాబట్టి, పదిమంది అభిప్రాయాలు రాసేటప్పుడు ఈ రెండిటినీ కలిపేస్తే ఎవరేమన్నారో తెలియకుండా పోతుంది.

నన్నడిగితే ఇంకో మాట చెబుతాను: ముసురు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మన ఉత్తరాంధ్రలో ముసురు పడుతుంది. వాన గట్టిగా కురవదు, వెలియదు. మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి, ఆరేసిన బట్ట ఆరదు. ‘ఆలోచనలు ముసురుకున్నాయి’ అని ఎలాగూ అంటాం కనక ‘ముసురు పట్టినట్టుండే ఆల్బమ్’ అంటే వివరణ అక్కర్లేకుండానే తెలుస్తుంది. ‘చీకటిగా ఉంది’ అంత సాఫీగా రాదు. తెలుగులో చీకటిగా ఉండేది గది, సందు, మెట్లదారి. ఇక ‘కంటే’ ఉన్నచోట ‘మరింత’ అక్కర్లేదు, పోలిక అంతా ‘కంటే’లోనే ఉంది.

‘లయ మంద్రంగా’ అన్నది మాత్రం తప్పే. మంద్రం స్థాయికి సంబంధించిన మాట, వేగానికి కాదు. కింది నుంచి పైకి మంద్ర, మధ్య, తార స్థాయిలని కదా అంటాం. నెమ్మదైన నడకకి విలంబం, చౌకం అన్న మాటలున్నాయి. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా సంగీత పాఠశాల మొదలైన విజయనగరం పక్కనే ఉండి మనం ఈ రెండిటినీ కలిపేయకూడదు. మంద్రం, మందం, మందగతి వినడానికి దగ్గరగా ఉండడంతో ఈ పొరపాటు పత్రికల్లోనూ దొర్లుతోంది. గొంతు మంద్రంలో ఉండి నడక వేగంగా ఉన్న పాటలు బోలెడు. రీవర్బ్ (పాటలో ధ్వని వెంటనే ఆగకుండా సాగేలా చేయడం) గురించి రాయాల్సివస్తే ‘ప్రతిధ్వని’ అనకండి. ప్రతిధ్వనిలో అన్న మాట విడిగా తిరిగొస్తుంది. గుడిగంట కొట్టాక చెయ్యి తీసేసినా గుయ్యిమని సాగుతుందే, అది అనురణనం. మాట బరువనిపిస్తే రీవర్బ్ అనే రాసేయండి.

ప్రేక్షకులు చూసేవాళ్ళు. వినేవాళ్ళు శ్రోతలు. ‘దీన్ని ఇష్టపడుతున్నారు’ కన్నా ‘శ్రోతలకు నచ్చింది’ సహజం. ఇష్టం ముందునుంచీ ఉండేది, నచ్చడం విన్నాక తేలేది: ‘ఆ బ్యాండ్ అంటే నాకిష్టం, ఈ ఆల్బమే నచ్చలేదు.’ ఈ ఒక్క వాక్యం రెండు మాటల తేడానీ చూపిస్తుంది.

‘బోరట’లో ‘అట’ జాగ్రత్త. విన్న సంగతికి పూచీ నాది కాదని చెప్పే ప్రత్యయం అది. నచ్చినవాళ్ళ మాట మీ మాటగా రాసి, నచ్చనివాళ్ళకి మాత్రం ‘అట’ తగిలిస్తే మీరు ఏ పక్షమో బయటపడుతుంది. అందరినీ అడిగింది మీరే కనక అందరికీ ‘అన్నారు’ పెట్టండి. మీ మిత్రుల్లో ఎవరైనా మన వైపు తీరులో ‘వినీసాను’ అంటే దాన్ని ‘విన్నాను’ అని దిద్దొద్దు. ‘వినేశాను’లాగే అందులోనూ ఒక ఊపులో పూర్తిచేసిన ధ్వని ఉంది. ‘వింటూ ఉండిపోయాను’ అన్నవాళ్ళ అనుభవం వేరు.

బ్యాండ్‌ని మీరు పొల్లుతో రాయడం బాగుంది. ‘బ్యాండు’ అంటే మనకి పెళ్ళి ఊరేగింపే గుర్తొస్తుంది. ‘ఇండీ’కి మొదటిసారి ఒక ముక్క వివరణ ఇవ్వండి. ఇండిపెండెంట్‌కి పొట్టిరూపం అది, పెద్ద రికార్డు కంపెనీల నీడలో లేనివాళ్ళని మొదటి అర్థం. 1990ల నాటి ఇండిపాప్‌లో ‘ఇండి’ అంటే ఇండియన్. చాలామంది రెండూ ఒకటే అనుకుంటున్నారు.

మీ పేరా ఇలా మారుతుంది: ‘ముసురు పట్టినట్టుండే ఆల్బమ్ ఇది. ముందటి దానికన్నా దిగులెక్కువ. గొంతు మంద్రంలో ఉంటుంది, నడక నెమ్మది. ఎక్కువమంది నచ్చిందన్నారు, కొందరు విసుగొచ్చిందన్నారు.’ ఏ పాట దగ్గర విసుగొచ్చిందో కూడా వాళ్ళని అడిగి, ఆఖరి వాక్యంలో చేర్చండి.